మూత తీశావా?

సకాతా ఊళ్ళో ఇనగాకి తాత బియ్యం కొట్టుకు ఎవరు వెళ్ళినా ఆయన బాగున్నావా అని అడగడు. "మూత తీశావా?" అని అడుగుతాడు. అన్నం ఉడుకుతుండగా కుండ మూత తీశావా లేదా అన్నది తప్ప మనుషుల గురించి ఆయనకు తెలుసుకోవలసింది ఇంకేమీ లేదు. శుభలేఖ ఇవ్వడానికి వెళ్ళిన వాళ్ళకూ అదే ప్రశ్న. తన పన్ను పీకిన డాక్టరుని కూడా, నోట్లో దూది ఉండగానే అడిగాడట.

తీయలేదన్న వాళ్ళకు అప్పటికప్పుడు మర ఆడించి రెండు కిలోలు ఇస్తాడు. తీశానన్న వాళ్ళకు మూడే మూడు కప్పులు. ఆవిరి విలువ తెలియనివాడికి బియ్యం ఎందుకంటాడు. అందుచేత ఊరు ఊరంతా ఆయన ముఖం మీదే చల్లగా అబద్ధం ఆడుతుంది.

కజుమాకి ఆ విద్య రాదు. అతను నీళ్ళు పరీక్షించే ప్రయోగశాలలో పనిచేస్తాడు. కొలిచింది కొలిచినట్టు చెప్పడమే అతని ఉద్యోగం. పది నెలల కూతురు ఫూకాని పెంచడానికి సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాడు. ఆ పిల్ల చెంచా కనిపిస్తే చాలు పెదవులు బిగించేది. బరువు పెరగడం ఆగిపోయిందనీ, వచ్చే నెలకీ ఇలాగే ఉంటే పెద్దాసుపత్రిలో పరీక్షలు చేయించాలనీ డాక్టరు చెప్పాడు. ఆ రోజు నుంచి కజుమా పిల్లని తినకముందు ఒకసారి, తిన్నాక ఒకసారి తూచి, గోడ మీద గీత గీయడం మొదలుపెట్టాడు. భార్య సాయో వారం రోజులు ఓపిక పట్టింది. ఎనిమిదో రోజున తూకం యంత్రాన్ని చంకన పెట్టుకుని తన ఆఫీసుకి పట్టుకుపోయింది.

పోనీ బియ్యం మారిస్తే తింటుందేమోనని, పిల్లని గుండెకు కట్టుకుని కజుమా మొదటిసారి ఆ కొట్టు ఎక్కాడు. పిల్ల బరువు పెరగడం లేదనీ, డాక్టరు నెల గడువు పెట్టాడనీ చెప్పి, చంటిపిల్లలకు నచ్చే రకం ఏదో, అందులో తేమ ఎంత శాతమో అడిగాడు.

"మూత తీశావా?" అన్నాడు తాత.

"నాలుగుసార్లు తీశానండి. లోపల వేడి కొలవడానికి."

బెంచీ మీద కూర్చున్న టోఫూ కొట్టు యొనెదా అత్తకు తాగుతున్న టీ పొలమారింది. "అన్నం వండావా, జ్వరం చూశావా నాయనా?" అంది.

తాత నవ్వలేదు. నల్లటి పళ్ళెంలో గుప్పెడు బియ్యం పోసి, ఒక గింజను వెలుతురుకి ఎత్తి చూశాడు. అది సుద్దముక్కలా తెల్లగా లేదు, మంచుబిందువులా ఉంది. పంటితో కొరికాడు. "కొత్త పంట. వాన పడకముందే కోశారు. నీళ్ళు ఒక చెంచా తగ్గించు. కడిగేటప్పుడు మొదటి నీళ్ళు వెంటనే పారబొయ్యి, లేకపోతే తవుడు వాసన మళ్ళీ గింజకే పడుతుంది. గంటసేపు నాననివ్వు." తేమ లెక్క తేల్చడానికి కజుమా ప్రయోగశాలలో యంత్రానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఈ పన్నుకి రెండు క్షణాలు కూడా పట్టలేదు.

మర ఆడినంతసేపూ పిల్లని మోయడమెందుకని తాత ఆమె కోటు విప్పించి, వెదురుబుట్టలో కూర్చోబెట్టాడు. బల్ల మీద ఖాళీగా ఉన్నది బియ్యం కాటా ఒక్కటే. బుట్ట దాని మీదకే ఎక్కింది. ముల్లు తాత వైపు ఉంది. కజుమా మెడ సాచాడు.

"అది బియ్యం కాటా. పిల్లల్ని పెడితే తప్పు చూపిస్తుంది," అని తాత ముల్లుకి అడ్డంగా నిలబడ్డాడు.

నాలుగు రోజులకల్లా మూడు కప్పులూ అయిపోయాయి. మళ్ళీ వెళ్ళాడు. రెండుసార్లు తీశానన్నాడు. మళ్ళీ మూడు కప్పులు, మళ్ళీ బుట్ట. ఆ పైసారి కొంచెమే తీశానన్నాడు. "కొంచెం పెళ్ళి అనేది ఉంటుందా?" అంది యొనెదా అత్త. నెలంతా ఇదే వరస. ఊళ్ళో తను ఒక్కడే అన్నం వండటం చేతకానివాడని కజుమాకి ఖాయమైపోయింది.

డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందురోజు అతను వచ్చేసరికి ముఖంలో నెత్తురుచుక్క లేదు. తాత అడగవలసిన ప్రశ్న అడగలేదు. పిల్లని బుట్టలో పెట్టి, ముల్లు చూసి, మెల్లగా అన్నాడు.

"ఇవాళ రాత్రి నిద్రపో. ఈ నెలలో నీ కూతురు రెండు కప్పుల బియ్యమంత పెరిగింది."

కజుమా మనసులో గుణించాడు. కప్పుకి నూట యాభై. మూడువందల గ్రాములు.

"మీకు ముందే తెలుసా? నాకెందుకు చెప్పలేదు తాతగారూ?"

"చెబితే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తెచ్చి తూచమంటావు. అసలు నా భయం వేరు. నువ్వూ అందరిలాగే అబద్ధం నేర్చుకుని రెండు కిలోలు పట్టుకుపోతే, మళ్ళీ రెండు వారాలు దాటేదాకా పిల్ల నా కంటబడదు. నిజం చెప్పేవాడివి దొరికావు కాబట్టి నా పని నడిచింది."

మర్నాడు డాక్టరు మూడువందల పది అన్నాడు. పరీక్షలు అక్కర్లేదన్నాడు.

ఆ సాయంత్రం కజుమా కుండ పొయ్యిమీద పెట్టాడు. ఆవిరి చిమ్మింది. మంట తగ్గించాడు. సరిగ్గా అప్పుడే ఫూకా గుక్కపట్టింది. చంటిపిల్ల ఏడ్చినా మూత తీయకూడదని ఆ ఊళ్ళో ముసలమ్మలు అనే మాట అతనికి గుర్తొచ్చింది. పిల్లని భుజాన వేసుకుని, కుండకు వీపు తిప్పి నిలబడ్డాడు. మంట ఆర్పాక కూడా పదిహేను నిమిషాలు అలాగే ఉన్నాడు.

అప్పుడు తీశాడు. తెల్లటి ఆవిరి పైకి తేలిపోయాక అన్నం కనిపించింది. గింజ గింజా లేచి నిలుచుంది. ఒక్కొక్కటీ తడిసిన ముత్యంలా ఉంది. పైన ఇసుకలో ఎండ్రకాయలు తవ్వినట్టు చిన్న చిన్న బొరియలు, ఆవిరి నడిచిపోయిన దారులు. ఇంత పనీ అతను చూడకుండా ఉన్నప్పుడే జరిగింది. పళ్ళెంలో ఆరబెట్టిన అన్నాన్ని ఫూకా చెంచా కోసం ఆగకుండా పిడికిటితో తీసుకుని నోట్లో కుక్కుకుంది.

నాలుగో రోజున అతను కొట్టుకు వెళ్ళాడు.

"మూత తీశావా?"

తీయలేదని నిజమే చెప్పి రెండు కిలోలు పట్టుకుపోవచ్చు, కానీ అప్పుడు మళ్ళీ రెండు వారాలదాకా ఈ కొట్టుకు రానక్కర్లేదు. కజుమా భుజం మీది పిల్లని సవరించుకున్నాడు.

"తీశానండి," అన్నాడు.

తాత అతని ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. మూడు కప్పులు కొలిచి మరలో పోసి, బుట్టను కాటా మీద పెట్టి, ముల్లుని కజుమా వైపు తిప్పాడు. కజుమా అటు తిరిగి యొనెదా అత్తతో టోఫూ సంగతులు మాట్లాడటం మొదలుపెట్టాడు.