జవాబుల మాస్టారి ఫిర్యాదు

చెప్పుల ఫ్యాక్టరీ ఆఫీసులో ఆయన్ని అందరూ జవాబుల మాస్టారు అంటారు. పాఠం చెప్పిన పాపాన ఆయన ఎన్నడూ పోలేదు. సిబ్బంది పెట్టుకునే ఫిర్యాదులకు యాజమాన్యం ఇచ్చే జవాబులన్నీ టైపు కొట్టేది ఆయనే, అందుకని ఆ పేరు. ఇరవై ఆరేళ్లుగా అదే పని. ఫిర్యాదు మూడు ప్రతుల్లో రావాలి, నంబరు పడాలి, పదిహేను రోజుల్లో విచారణ జరిగి జవాబు వెళ్లాలి. న్యాయం ఒక్కటి తప్ప అన్నీ పద్ధతి ప్రకారం జరిగేవి, చెప్పొద్దూ! జవాబు ఎప్పుడూ ఒకటే: "మీ ఫిర్యాదును క్షుణ్ణంగా పరిశీలించాము. చర్య తీసుకోవలసిన అవసరం కనిపించలేదు." పేరూ తేదీ మార్చుకుంటే సరి.

ఒకసారి ప్యాకింగులో చేసే ఆవిడ ఆ కాగితం పట్టుకుని వచ్చి, "ఇది రాసింది నువ్వేనా అన్నా?" అని అడిగింది.

"నేను టైపు మాత్రమే కొట్టానమ్మా" అన్నాడాయన. ఆ పూట భోజనం కూడా మామూలుగానే చేశాడు.

అలాంటి మనిషికి ఈ ఏడు తన వంతు వచ్చింది. నమూనా చెప్పుల జోడు ఒకటి కనబడకుండా పోయింది. భోజనాల గదిలో నలభై మంది తింటుండగా స్టోర్సు మేనేజరు వచ్చి, "ఏదీ మాస్టారూ, మీ సంచి ఇలా బోర్లించండి" అన్నాడు. బోర్లించాడు. ఖాళీ డబ్బా, కళ్లజోడు పెట్టె, మోకాళ్లకి రాసుకునే మందు బల్లమీద పడ్డాయి. ఎవరో కిసుక్కున నవ్వారు. మర్నాడు ఆ జోడు మేనేజరు బీరువా వెనకే దొరికింది. ఆ పెద్దమనిషికి చీమ కుట్టినట్టయినా లేదు.

మాస్టారి మరదలు కుట్టు విభాగంలో చేస్తుంది. సంగతి ఇంటికి చేరడానికి పూట పట్టలేదు.

"మీరు దొంగా? ఆ నలభై మంది ముందే వాడు తప్పయిందనాలి. లేకపోతే మా చెల్లెలి మొహం నేనెలా చూడను?" అంది భార్య.

ఆయనకి కావలసిందీ అదే. నాలుగు నెలల్లో రిటైరు కాబోతున్నాడు. దొంగ అనిపించుకుని ఆ గేటు దాటడం తనవల్ల కాదు. మూడు ప్రతుల్లో ఫిర్యాదు రాసిచ్చాడు.

విచారణ రోజున ఆఫీసరమ్మ కుర్చీ చూపించి మంచినీళ్లు ఇప్పించింది. మేనేజరు ఊళ్లో లేడట. ఆయన పేర్లిచ్చిన సాక్షులు ముగ్గురూ ఆ టైములో చేతులు కడుక్కుంటున్నామని రాసిచ్చారు. ఆ గదికున్నది ఒక్కటే కుళాయి, అది వేరే సంగతి.

"సంచిలో ఏమైనా దొరికిందా మాస్టారూ?"

"లేదండీ."

"మరింకేం! దొరికుంటే కదా మీకు ఇబ్బంది."

ఒళ్లు మండాలి నిజానికి. ఆయనకి ఏమీ అనిపించలేదు. ఏమీ అనిపించనందుకు కాస్త భయం మాత్రం వేసింది. గ్లాసు ఖాళీ చేసి లేచి వచ్చాడు.

పన్నెండో రోజున ఆఫీసరమ్మ జవాబు చిత్తుప్రతి తెచ్చి ఆయన బల్లమీదే పెట్టింది. "ఏమనుకోకండి. టైపు కొట్టేది మీరొక్కరే కదా" అంది. పాపం, నిజంగానే నొచ్చుకుంది.

మాస్టారు మిషను ముందు కూర్చున్నాడు. పేరు దగ్గర తన పేరు కొట్టాడు. ఆవిడ తేదీ తప్పు వేస్తే అదీ సరిచేశాడు. పుస్తకంలో ఎక్కించి, కవరు అంటించి, పైన తన ఇంటి చిరునామా రాసి, తనకి తానే అందజేసుకుని, అందినట్టు సంతకం పెట్టాడు.

సాయంత్రం భార్య గుమ్మంలోనే కవరు చింపింది. నిలబడి చదివింది.

"ఇది రాసినవాడి చేతులు పడిపోను! వాడసలు మనిషి పుటక పుట్టాడా? ఎవడండీ వాడు?"

ఆయన కుళాయి కింద చేతులు కడుక్కుంటున్నాడు.

"నేను టైపు మాత్రమే కొట్టాను" అన్నాడు.

ఆవిడ ఆయన వంక అచ్చం దొంగని చూసినట్టు చూసింది. ఆయన చేతులు తుడుచుకుని భోజనానికి కూర్చున్నాడు.