సారెలోకి రేగువడియాలు

మా పెరట్లో ఒక రేగుచెట్టు ఉండేది. కాయలు తినడానికి ఇల్లంతా ముందుండేది గానీ, ముళ్ళు గుచ్చుకుంటూ ఏరే పని మాత్రం మా మేనత్తది. పెళ్ళయిన ఏడాదికే భర్త పోయి, ఆమె మా ఇల్లు చేరింది. అమ్మ పొలం పనుల్లో ఉంటే అక్కనూ నన్నూ చంకనేసుకుని పెంచింది ఆమే.

నయాపైసలు వచ్చిన కొత్తలో అక్క కడుపుతో ఉంది. కాపురం బిట్రగుంట రైల్వే కాలనీలో. పుల్లగా రేగువడియాలు తినాలనుందని కబురు పెట్టింది. అంతే, అత్తకు కాలు నిలవలేదు. పండి రాలినవి ఏరి, కడిగి, ఉప్పు, బెల్లం, మిరపకాయలు వేసి, గింజ పగలకుండా రోట్లో దంచింది. బిళ్ళలుగా తట్టి చాప మీద ఎండబెట్టింది. సముద్రపు గాలికి చెమ్మ పడతాయని పొద్దు వాలకముందే చాప ఇంట్లోకి మోసేది.

"వదినా, సారె పట్టకపోయేటప్పుడు నేనూ వస్తా. బిడ్డను చూసి శానా నాళ్ళయింది" అని అడిగింది.

"నువ్వెట్ట వస్తావు? వాళ్ళత్త ఏమనుకుంటాది?" అన్నది అమ్మ.

అత్తకు సొంత అన్న అయిన నాన్న చుట్ట కాలుస్తూ విననట్టే కూర్చున్నాడు. విధవ సారె వెంట రాకూడదు, సారె వస్తువు మీద ఆమె చెయ్యి పడకూడదు. మొదటిది మావాళ్ళు తు.చ. తప్పకుండా పాటించారు. రెండోది పాటిస్తే వడియాలు ఎవరు దంచాలి? అందుకని దాన్ని మరిచిపోయారు.

బిట్రగుంటలో అక్క అత్తగారు ఒక బిళ్ళ నోట్లో వేసుకుని, "బాగుండాయి. ఎవురు చేసినారు?" అన్నది.

"మా అమ్మ" అన్నది అక్క, ఇంకోటి అందుకుంటూ. అమ్మ ముసిముసిగా నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

మేం తిరిగొచ్చేసరికి అత్త వాకిట్లోనే నిలబడి ఉంది. "బిడ్డ తినిందా?" అన్నది. తిన్నదన్నాను. ఆమె అమ్మ దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అడిగింది.

"నేను చేసినానని ఆడ చెప్పలేదు గదా వదినా?"

"లేదులే."

"మంచి పని చేసినావు. దంచేటప్పుడంతా భయపడతానే ఉన్నా, నా చెయ్యి తగిలి కడుపులో బిడ్డకు ఏమవుతాదోనని" అంటూ అత్త తేలిగ్గా ఊపిరి తీసుకుంది.