కిటికీ అమ్మాయి లెక్కపెట్టిన చేతులు

మా మేడలో ఉండే కిటికీ అమ్మాయి గురించి ఒక పుకారు ఇప్పటికీ తిరుగుతోంది. ఆమె దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేదట. సినిమా హాలుకు ఉదయం ఆటకి ఎవరెవరు ఏ రోజు వచ్చారో అందులో రాసిపెట్టుకునేదట. ఒక ఆదివారం మేడ సంఘం మీటింగులో దాన్ని బయటికి తీసి చదవబోతే మగవాళ్ళంతా కాళ్ళావేళ్ళా పడి ఆపారట. మొన్న రెండో అంతస్తులోకి కొత్తగా వచ్చిన కోడలుపిల్ల ఈ కథంతా నాకే చెప్పింది, అదీ గుసగుసగా, నాకేమీ తెలియనట్టు! ఆ మీటింగులో మొదటి వరసలో కూర్చున్నదాన్ని నేను. నోటుపుస్తకమూ లేదు, కాళ్ళు పట్టుకోవడమూ లేదు. జరిగింది అంతకన్నా బాగుంటుంది. అందుకే ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఆమెకు నలభై దాటినా మాకు అమ్మాయే. కింది అంతస్తులో, మెట్ల పక్కన రెండు గదుల్లో తల్లితో ఉంటుంది. పెళ్ళెందుకు చేసుకోలేదని నేను మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ టీ ఇచ్చింది. తల్లికి చూపు లేదు. మంచం దగ్గర్నుంచి స్నానాలగదికి పదకొండు అడుగులు, అక్కడి నుంచి వంటగట్టుకు ఏడు. ఆ ముసలావిడ రోజూ చెయ్యి ఆనించి నడవడం వల్ల గోడ మీద నడుము ఎత్తులో సున్నం నల్లబడి పొడుగ్గా ఒక గీతలా కనిపిస్తుంది. అంతకుముందున్న ఇల్లు మారినప్పుడు కొత్త గోడలు తెలియక పడి తుంటి విరగ్గొట్టుకుంది. ఈ రెండు గదులూ చేతికి అలవాటయ్యేసరికి రెండేళ్ళు పట్టింది. కూతురికి ఈ ఇల్లు ఎంత ముఖ్యమో ఇది తెలిస్తేనే అర్థమవుతుంది.

ఉద్యోగం సినిమా హాల్లో కిటికీ వెనక కూర్చుని టికెట్లు అమ్మడం, అందుకే ఆ పేరు. ఫోన్లలోకి సినిమాలు రాకముందు మాట ఇది. సాయంత్రం రెండు ఆటలూ పిల్లాజెల్లాతో వెళ్ళే సినిమాలు. ఉదయం పదకొండు గంటల ఆట మాత్రం పెద్దవాళ్ళకే. గోడ మీద ఆ బొమ్మలు అంటించిన రోజు మా మేడ మగవాళ్ళు తల పక్కకు తిప్పుకుని నడిచేవారు. మెడ తిప్పుకున్నా కాళ్ళు మాత్రం నెమ్మదించేవి. అది నేను బాల్కనీలోంచి చూసేదాన్ని.

టికెట్ల గది ఒక అలమారా అంత ఉంటుంది. ఒక స్టూలు, ఒక చిన్న ఫ్యాను, ఉదయానికి గులాబీరంగు టికెట్ల చుట్ట, సాయంత్రానికి పసుపుది. ముందు చెక్కకి అర్ధచంద్రంలా ఒక కంత. పూర్వం ఆ కంత ముఖం ఎత్తులో ఉండేదట. ఉదయం ఆటకి జనం రావడం లేదని యజమాని వడ్రంగిని పిలిపించి, దాన్ని మూసేయించి, నడుము ఎత్తులో కొత్తది కోయించాడు. మర్నాడు హాలు నిండిందట! లోపల కూర్చున్నవాళ్ళకు ముఖం కనబడదు, బయట నిలబడ్డవాళ్ళకు సిగ్గు లేదు. గొంతు కూడా వినబడకూడదని ఉదయంపూట ఎవరూ మాట్లాడరు. ఒక వేలో రెండు వేళ్ళో చూపిస్తారు. చెయ్యి లోపలికొస్తుంది, టికెట్టు తీసుకుంటుంది, వెళ్ళిపోతుంది. అలా పద్దెనిమిదేళ్ళుగా చేతులు చూస్తూ కూర్చున్న మనిషి ఆమె.

“ఆ సినిమాలు నువ్వెప్పుడైనా చూశావే?” అని అడిగాను ఒకసారి.

“చూడలేదు పిన్నీ. మధ్యలో గోడేగా, వినబడుతుంది.”

“ఏం వినబడుతుంది?” అన్నాను కుర్చీ దగ్గరగా జరుపుకుని.

“గురకలు. ఫ్యాన్లున్నాయిగా లోపల. సగంమంది నిద్రకే వస్తారు.”

“మిగతా సగం?”

“వాళ్ళ దగ్గుని బట్టి మెలకువగా ఉన్నారని తెలుస్తుంది” అని నవ్వేసింది.

ఎవరి పేరూ చెప్పదు. ఒకసారి ఒక చేతికి కట్టు కొత్తగా కట్టి ఉంటే, “తడి తగలనివ్వకండి” అని కంతలోంచి చెప్పిందట. ఆ చెయ్యి టికెట్టు కూడా తీసుకోకుండా పారిపోయిందట. అప్పట్నుంచి ఆ మాత్రం కూడా మాట్లాడటం మానేసింది.

ఇక అసలు సంగతి. మా మేడ సంఘానికి అధ్యక్షుడు డ్రిల్లు మాస్టారు. బడి నుంచి రిటైరయ్యారు గానీ మెడలో ఈల ఒక్కటే లేదు, మిగతాదంతా అలాగే ఉండేది. మెట్ల మీద పిల్లలు పరిగెత్తినా, బాల్కనీలో ఎవరైనా గట్టిగా నవ్వినా “నడవడి! నడవడి!” అనేవారు. ఆ ఏడాది ఆయన ‘నడవడి నియమాలు’ అని ఒక కాగితం రాసి మెట్ల దగ్గర బోర్డుకి జిగురుతో అంటించారు. అందులో మొదటి నియమమే, అశ్లీల ప్రదర్శనలతో సంబంధమున్న ఉద్యోగం చేసేవారు ఈ మేడలో నివసించరాదు. పేరు రాయలేదు. రాయడమెందుకు, ముప్ఫై ఆరిళ్ళలో అలాంటి ఉద్యోగం ఒక్కరిదేగా. ఆదివారం మీటింగులో చేతులెత్తి తీర్మానం చేస్తారు. ఇంటికి ఒక చెయ్యి. సగానికి మించి లేస్తే నెలాఖరుకు ఇల్లు ఖాళీ.

శనివారం పొద్దున ఆమె మా ఇంటికొచ్చింది. ఎప్పుడూ గుమ్మం దగ్గరే నిలబడే మనిషి, వచ్చి స్టూలు మీద కూర్చుంది.

“పిన్నీ, రేపు నువ్వేమైనా మాట్లాడతావా?”

“నేను మాట్లాడితే పోట్లాట అవుతుందే. నువ్వే నాలుగు పేర్లు చెప్పు. ఎలా నోళ్ళు మూతపడవో చూద్దాం.”

“పేర్లు నాకేం తెలుసు?”

“చేతులు తెలుసుగా!”

తల అడ్డంగా ఊపింది. “వాళ్ళు నమ్మి చెయ్యి లోపల పెట్టారు పిన్నీ. అలా చెప్పి ఇల్లు దక్కించుకుంటే రేపట్నుంచి ఆ కంత దగ్గర ఎలా కూర్చోను?”

నాకు ఒళ్ళు మండింది. నమ్మకమట! ఈవిడ ఇల్లు పీకేయబోతున్నవాళ్ళ గుట్టు ఈవిడే కాపాడుతుందట.

“అమ్మకి చెప్పావా?”

“లేదు. ఈ ఒక్క రోజైనా నిశ్చింతగా నడవనీ” అని లేచి వెళ్ళిపోయింది.

ఆదివారం నాలుగింటికి కింది హాల్లో కుర్చీలు వేశారు. ముందు వరసల్లో ఇంటి పెద్దలు, గోడ పక్కన బెంచీల మీద ఆడవాళ్ళు. మా ఇంటి తరఫున పెద్ద నేనే కాబట్టి ముందు వరసలో కూర్చున్నాను. మాస్టారు అరగంట మాట్లాడారు. సమాజానికి నడవడి వెన్నెముక అన్నారు, ఆ వెన్నెముకకు పురుగు పడుతోందన్నారు. కళ్ళజోళ్ళ షాపాయన అన్నిటికీ తల ఊపుతూ కూర్చున్నాడు. ఆమె వెనక తలుపు దగ్గర నిలబడి ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు.

అప్పుడు కాంపౌండరు తాతగారు లేచారు. ఎనభై ఏళ్ళ మనిషి, చెవులు సరిగా వినబడవు గనక అందరికీ అలాగే అనుకుని కేకలేసి మాట్లాడతారు.

“మాస్టారూ! అమ్మేవాళ్ళ సంగతి రాశారు సరే. కొనేవాళ్ళ సంగతేం రాశారు?”

“కొనేవాళ్ళు మన మేడలో ఎవరున్నారు తాతగారూ!” అన్నారు మాస్టారు నవ్వుతూ.

“అవునవును, ఎవరున్నారు” అని మూడు నాలుగు గొంతులు ఒక్కసారే లేచాయి.

“ఉంటే వాళ్ళనీ పంపెయ్యాలి!” అని తాతగారు కూర్చున్నారు. ఆ మాటకి ఎవరూ తల ఊపలేదు. షాపాయన కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

“సరే, చేతులెత్తండి” అన్నారు మాస్టారు, ముందు తన చెయ్యి ఎత్తి. లేచాయి. చేతుల అడవిలా ఉంది హాలు.

ఇక్కడే మాస్టారు ఒక పని చేశారు. బడిలో ఆటలు ఆడించేటప్పుడు ఓడినవాళ్ళ చేతే పాయింట్లు చదివించడం ఆయనకు అలవాటు. తర్వాత గొడవ రాకుండా ఉంటుందట. ఆ అలవాటు కొద్దీ ఆమె వైపు తిరిగి, “రేపు లెక్క తప్పిందని నువ్వు అనకూడదు. నువ్వే రా. దగ్గరకొచ్చి ఒక్కొక్కటీ లెక్కపెట్టుకో” అన్నారు.

ఆమె నడిచి ముందుకొచ్చింది. మొదటి వరసలో మొదటి కుర్చీ కళ్ళజోళ్ళ షాపాయనది. కూర్చున్న మనిషి చాపిన చెయ్యి, నిలబడ్డ ఆమె ముఖం ముందుకొచ్చింది. నీలంరాయి ఉంగరం, బొటనవేలి గోరు మీద పాత మచ్చ. ఆమె ఆగి చూసింది.

“ఒకటి” అంది.

షాపాయన తన చేతిని తనే పైకి చూసుకున్నాడు. ఎన్నడూ చూడనట్టు చూసుకున్నాడు. వేళ్ళు మెల్లగా ముడుచుకున్నాయి. తర్వాత చెయ్యి ఒళ్ళోకి వచ్చింది, అక్కడి నుంచి జేబులోకి పోయింది.

ఆమె పక్క చేతి దగ్గరికి జరిగి మళ్ళీ “ఒకటి” అంది. అదీ దిగింది. మూడో కుర్చీ దగ్గరికి ఆమె ఇంకా చేరనేలేదు, అక్కడాయనకు మెడ దురద పుట్టింది. ఎత్తిన చేత్తోనే గోక్కున్నాడు, ఇంక ఎత్తలేదు. రెండో వరస ఆమె తిరగడం చూసి దిగింది. మూడో వరస రెండో వరసను చూసి దిగింది. ఒకాయన ఉంగరం లోపలికి తిప్పుకుంటున్నాడు. ఒకాయన కుడిచెయ్యి దించి ఎడమచెయ్యి ఎత్తి, ఎందుకొచ్చిన గొడవని అదీ దించేశాడు. ఆమె ఒక్కరి ముఖం వంకా చూడలేదు. చేతుల ముందు ఆగుతూ, పెదాలు కదుపుతూ పోతోంది, అంతే.

అప్పుడు తాతగారి కేక.

“ఏమర్రా, అందరూ దించేశారు! చేతులు నొప్పా? నాది చూడండి, ఎత్తే ఉంచాను. నాకేం భయం, నేనెప్పుడూ వెళ్ళలేదు!”

అంతే. గోడ పక్కన బెంచీలు కిర్రుమన్నాయి. ఆడవాళ్ళందరూ ఒక్కసారి ముందుకు వంగారు.

“గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఏమిటో ఇవాళ చూశాను” అంది షాపాయన భార్య, ఎవరికో చెబుతున్నట్టు.

ఇంకా ఎత్తి ఉన్న చేతుల్లో మాస్టారిది ఒకటి. గడియారం కుడిచేతికి, అదీ డయలు లోపలికి తిప్పి పెట్టుకుంటారు. మా మేడలో అలా పెట్టుకునేది ఆయనొక్కరే. ఆమె వరసలన్నీ అయ్యి ఆయన ముందుకొచ్చింది.

“మాస్టారూ, మీది కూడా లెక్కలో వెయ్యనా?”

మాస్టారు చెయ్యి దించి వెనక్కి పెట్టుకున్నారు. “అధ్యక్షుడికి ఓటు లేదమ్మా.”

“పోయినసారి నీళ్ళ ట్యాంకుకి వేశారుగా!” అంది ఆయన భార్య బెంచీ మీంచి.

“అది వేరు.”

“ఎలా వేరండీ? అప్పుడు అధ్యక్షుడు కారా, అప్పుడు చెయ్యి లేదా?”

నేను నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాను. లాభం లేకపోయింది.

ఆమె మధ్యలో నిలబడి, “నాలుగు చేతులు. ముప్ఫై ఆరిళ్ళకి నాలుగు” అంది. తాతగారిది ఒకటి, పై అంతస్తులో చెరొక ఇంట్లో ఉండే ఒంటరి అక్కచెల్లెళ్ళవి రెండు, ఊరికి కొత్తగా వచ్చి ఆ సినిమా హాలెక్కడుందో కూడా తెలియని గుమస్తాది ఒకటి. మాస్టారు గొంతు సవరించుకుని తీర్మానం వీగిపోయిందన్నారు. నేను చప్పట్లు కొట్టాను. బెంచీలన్నీ కొట్టాయి. మీటింగులో ఆడవాళ్ళు చప్పట్లు కొట్టడం అదే మొదలు, ఆ తర్వాత ఆపలేదు.

ఆమె కదల్లేదు. “మరి బోర్డు మీద కాగితం?” అంది.

అంటించిన మనిషే తీయాలని ఆమె అనలేదు. ఆయన భార్య అంది. అందరం మెట్ల దగ్గరికి నడిచాం. మాస్టారు గోరుతో గీకుతుంటే కాగితం చీలికలుగా వస్తోంది. జిగురు గట్టిది. మూడో చీలిక దగ్గర ఆమె లోపలికెళ్ళి తడిగుడ్డ తెచ్చి ఇచ్చింది.

“కాసేపు నానబెట్టండి మాస్టారూ, గోరుతో రాదు. పోస్టర్లు పీకే పని మాకు రోజూ ఉండేదే.”

ఆయన గుడ్డ అందుకున్నారు. చెయ్యి మాత్రం చాలా తొందరగా వెనక్కి తీసుకున్నారు.

ఆ వారమంతా మా మేడలో మగవాళ్ళే కూరలు తరిగారు. నేను మెట్లెక్కుతూ దిగుతూ అన్ని తలుపుల దగ్గరా ఆగాను కాబట్టి చెబుతున్నాను. ఉదయం ఆటకి పది రోజులు జనం పలచబడ్డారు. పదకొండో రోజు నుంచి మామూలే. తాతగారు మాత్రం కర్ర టకటకలాడించుకుంటూ ఆమె గుమ్మం దాకా వెళ్ళి, “నా కోపం ఆ సినిమాల మీదమ్మా, నీ మీద కాదు. మనుషుల్ని చూడకుండా చెయ్యెత్తాను” అని వీధంతా వినబడేలా క్షమాపణ చెప్పొచ్చారు. ముసలావిడ గోడ పట్టుకుని పదకొండు అడుగులూ నడుస్తూనే ఉంది, ఏం జరగబోయిందో తెలియకుండానే. ఇంకొక మార్పు కూడా వచ్చింది. ఆ రోజు నుంచి మా మేడలో ఏ తీర్మానానికీ చేతులెత్తడం లేదు. చీటీలు వేస్తున్నారు. ఆ చీటీలు లెక్కపెట్టేది ఎవరని అడక్కండి. ఆమే. ఏకగ్రీవం.

ఒక్క ప్రశ్న మాత్రం నా గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఎనిమిదేళ్ళు ఎలా ఆపుకున్నానో నాకే తెలియదు. ఈ పుకారు మళ్ళీ విన్నాక ఇక లాభం లేదనుకుని మొన్న వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

“టీ వద్దు” అన్నాను ముందే. “నిజం చెప్పు. ఆ రోజు ఎవరెవరి చేతులు గుర్తుపట్టావే?”

ఆమె నా వంక చూసి నవ్వింది.

“రోజూ చేతులే చూస్తాను పిన్నీ, అబద్ధమెందుకు. కానీ ఆ రోజు ఒక్క చెయ్యీ చూడలేదు. ముప్ఫై ఒకటి లేచాయి. పదమూడు దిగితే ఇల్లు దక్కుతుంది. ఎవరివైతే నాకేం? ‘దిగు, దిగు’ అని లోపల అనుకుంటూ పోయాను. పదమూడు దాటాక కూడా ఆగకుండా దిగుతుంటే, ‘చాలురా నాయనా, నాక్కావలసింది రెండు గదులే, మేడంతా రాసివ్వక్కర్లేదు’ అనుకున్నాను.”