టెలిఫోన్ తగిలించిన గిటారు

ఆ వీధిలో ఆయన్ని అందరూ చెవులాయన అనే పిలిచేవారు. చెవులు పెద్దవని కాదు. తీగలున్న వాయిద్యం ఏదైనా సరే, తలుపు అవతల నుంచి విని ఏ తీగ ఎంత దిగిందో చెప్పేసేవాడు. ముప్పై ఎనిమిదేళ్ళుగా అదే పని, అదే గది. కిటికీ పక్కన బల్ల, గోడకు వరసగా వేలాడే గిటార్లు, వయొలిన్లు, ఎప్పటికీ పోని జిగురు వాసన. మంచి పనివాడే, కాదనం. కానీ మహానుభావుడికి ఒక జబ్బుంది. శ్రుతి తప్పిన వస్తువు ఎదురుగా ఉంటే చేతులు ఊరుకోవు. చుట్టపుచూపుగా వెళ్ళిన ఇంట్లో కూడా, మూలనున్న గిటారు తీసి బిగించి గానీ మంచినీళ్ళు ముట్టేవాడు కాదు. కుక్కరు కూత సగం స్వరం దిగిందని ఒకసారి మొహం చిట్లించాడు. ఆ చెవులకే పెళ్ళి చేస్తే సరిపోయేది కదా, మధ్యలో నన్నెందుకు లాగారని భార్య దెప్పేది.

ఒకరోజు పొద్దున్నే ఒక పెద్దావిడ తోపుడుబండి మీద ఏదో దుప్పటి కప్పి తెచ్చింది. బండివాడూ చెవులాయనా చెరోవైపు పట్టి లోపల పెట్టారు. దుప్పటి తీస్తే పొడవాటి బల్ల, నాలుగు ఇనప కాళ్ళు. కింద కుట్టుమిషన్ల నుంచి పీకిన పెడళ్ళు మూడు. వాటి నుంచి సైకిలు చువ్వలు లేచి చెక్కలోకి దూరాయి. పక్కన కొక్కేనికి నల్లటి పాతకాలం టెలిఫోన్ రిసీవరు, దాని వైరు చెక్కలోకే దూరింది.

పక్కింటివాళ్ళు దాన్ని ఇస్త్రీ బల్ల అన్నారట. పాతసామాన్లవాడు మగ్గమేమో అన్నాడట, ఏదైనా తూకానికే అన్నాడట. ఆవిడ భర్త కుట్టుమిషన్లు బాగుచేసేవాడు, పోయి నాలుగు నెలలైంది. ఇల్లు ఖాళీ చేసి చెల్లెలి దగ్గరికి, ఒక్క గదిలోకి వెళ్తోంది. ఇదంతా ఆవిడ తొణక్కుండా చెప్పింది. ఎనిమిదేళ్ళ కూతురు మూడు రోజుల జ్వరంతో పోయిందని, అది జరిగి ఇరవై ఆరేళ్ళని కూడా అలాగే చెప్పింది. పాప పోయిన నెలకే ఆయన దీన్ని చేయడం మొదలుపెట్టాడట. రోజూ సాయంత్రం పని నుంచి రాగానే వెనక గదిలో దీని ముందు కూర్చుని, రిసీవరు చెవికి పెట్టుకుని పెడలు తొక్కేవాడట. బయటికి చప్పుడే వచ్చేది కాదు.

"ఎవరితో మాట్లాడుతున్నారని ఒకసారి అడిగాను," అంది. "మాట్లాడ్డం లేదు, వింటున్నా అన్నారు. మళ్ళీ నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. నా మనిషిని నాకు కాకుండా చేసిందిది. పాతసామాన్లకి వేసేముందు అదేమిటో నాకు తెలియాలి. అంతే."

గురువారం రమ్మన్నాడు చెవులాయన.

అదేమిటో ఆవిడ గుమ్మం దాటకముందే పోల్చుకున్నాడు, కానీ పూర్తిగా చూశాకే చెప్పాలనుకున్నాడు. పెడల్ స్టీల్ గిటారు. గిటారును బల్లలా పడుకోబెట్టి, తీగల మీద ఇనప కడ్డీ జరుపుతూ వాయిస్తారు. పెడలు తొక్కితే చువ్వ తీగను లాగుతుంది, స్వరం పైకి జారుతుంది. ఆవిడ భర్త ఎక్కడో చూసి ఇంట్లో చేసుకున్న సరుకు. అంతవరకు బాగానే ఉంది. కానీ పది తీగలకు చోటుంటే ఉన్నది ఒక్కటే తీగ. దాని మీద కడ్డీ గీత ఒక్కటి లేదు. మూడు పెడళ్ళలో రెండు తుప్పు పట్టాయి, మూడోది అరిగి అద్దంలా మెరుస్తోంది. అంటే ఇన్నేళ్ళూ ఆ మనిషి వాయించింది ఒకే ఒక జారుడు. పాటే లేదు.

రిసీవరు చెవికి ఆనించి తీగ మీటాడు. శ్రుతిలోనే ఉంది. పెడలు తొక్కాడు. స్వరం పైకి జారి, చేరాల్సిన చోటికి వెంట్రుకవాసి ఇవతలే ఆగిపోయింది. వెనక ఎవరో నిలబడి నోరు తెరిచినట్టనిపించి గిరుక్కున తిరిగాడు. ఎవరూ లేరు. తప్పు స్వరం వింటే ఇలా ఉలిక్కిపడడం తనకు మామూలేలే అని సరిపెట్టుకున్నాడు. చేతులు ఊరుకుంటాయా? పెడలు తీగను ఎంతవరకు లాగాలో అక్కడ ఆపే స్క్రూ ఒకటి బల్ల కింద చేతికి తగిలింది. తుప్పుతో బిగుసుకుపోయింది. కిరసనాయిలు గుడ్డతో శుభ్రంగా తుడిచి, అటూ ఇటూ కదిపి వదులుచేసి, అర చుట్టు, మళ్ళీ అర చుట్టు బిగించాడు. ఇప్పుడు స్వరం సరిగ్గా వచ్చి కూర్చుంది. ఆ పూట తృప్తిగా భోంచేశాడు.

సాయంత్రం కాలు ఒకటి వదులైందని బల్లను తిరగేశాడు. అడుగు చెక్కంతా పెన్సిలు రాత. తేదీలు, వాటి పక్కన మాటలు. గేటు దగ్గర నుంచి పిలుపు, కాదు. కాదు. కాదు, ఏడుస్తున్నట్టుంది. కాదు, అంత పెద్దపిల్ల కాదు. కాదు. పదకొండేళ్ళ పాటు రాసిన కాదులు, వేళ్ళు పెట్టి లెక్కపెట్టలేనన్ని. అన్నిటికన్నా కింద, చెక్క అంచున: వచ్చింది. ఇక స్క్రూ ముట్టుకోకూడదు.

చెవులాయన స్క్రూ కేసి చూశాడు. తళతళలాడుతోంది. అది పదిహేనేళ్ళు కదలకుండా నిలబడ్డ చోట తుప్పు గీత ఉండి ఉంటుంది, దాన్ని తానే తుడిచేశాడు. పిచ్చిపట్టినట్టు చెత్తబుట్టలోంచి ఆ గుడ్డ తీసి కూడా చూశాడు. రెండు అర చుట్లు వెనక్కి తిప్పాడు. అదేనా? ఏమో, ముందు అటూ ఇటూ కదిపాడు కదా. శ్రుతిలో ఉన్నదైతే ముప్పై ఏళ్ళయినా గుర్తుపెట్టుకునే చెవి అది. తప్పని తేల్చినదాన్ని ఆ క్షణంలోనే వదిలేస్తుంది. ఆ పిల్ల గొంతును తప్పని తేల్చి పారేశాడు.

రెండు రోజులు ముద్ద దిగలేదు. అంగట్లో ఒక్కడే ఉంటే వెనక ఎవరో పిలవబోయి ఆగిపోయినట్టుండేది. సంగతి విన్న భార్య ఈసారి దెప్పలేదు.

"చెప్పకపోతే ఆవిడకు తెలియదు," అంది. "మీకు తెలుసుగా."

గురువారం పెద్దావిడ వచ్చింది. ఇది గిటారమ్మా అన్నాడు. బల్లను తిరగేసి చూపించాడు. ఆవిడ వంగి, వేలితో ఒక్కో అక్షరం తడుముతూ చదివింది. మొదటి వరుస దాటలేకపోయింది. వేలు అక్కడే ఉంచి చెప్పింది. రోజూ భర్త సైకిలు మలుపు తిరగ్గానే పాప గేటెక్కి నాన్నా అని సాగదీసి పిలిచేదట, వీధి చివరికి వినపడేదట.

"ఇన్నేళ్ళూ పక్కగదిలోనే ఉన్నాను," అంది. "నేను కన్నపిల్లే కదా. ఒక్కసారి నా చెవికి పెడితే ఆయన సొమ్మేం పోయేది?"

రిసీవరు కోసం చెయ్యి చాపింది. చెవులాయన ఇవ్వలేదు. జరిగింది చెప్పాడు. తప్పనుకుని తానే స్క్రూ తిప్పేశానని, పాత చోటు ఎక్కడో తెలియడం లేదని, తన చెవి ఇందుకు పనికిరాదని. ముప్పై ఎనిమిదేళ్ళలో ఆ ఆఖరి మాట ఆయన నోట రావడం అదే మొదలు. ఆవిడ తిడితే బాగుండుననుకున్నాడు. ఆవిడ తిట్టలేదు.

"మీరు తిప్పండి," అంది. "నేను వింటాను."

బల్లను మళ్ళీ నిలబెట్టారు. అరవై రెండేళ్ళ మనిషి దాని కింద నేల మీద పడుకుని, ఒక చేత్తో స్క్రూ వెంట్రుకవాసి తిప్పుతూ, ఇంకో చేత్తో పెడలు నొక్కాడు. పైన ఆవిడ తీగ మీటి, విని, కాదు అంది. మళ్ళీ తిప్పాడు. కాదు. మళ్ళీ. ఒకసారి, కాదు, ఏడుస్తున్నట్టుంది అంది. అదే మాట తన కళ్ళకు జానెడు దూరంలో పెన్సిలుతో రాసి ఉంది. ఆవిడ అక్కడిదాకా చదవలేదు. ఆయన మళ్ళీ తిప్పాడు. కిటికీ ఎండ బల్ల మీంచి గోడ మీదికి పాకింది.

అలా ఎన్నోసారో, కాదు అనే మాట రాలేదు. ఆయన స్క్రూ మీద చెయ్యి అలాగే ఆపాడు. ఆవిడ చెప్పుల్లోంచి పాదాలు బయటికి తీసి నేల మీద ఆనించి ఉంచడం మాత్రం కనపడింది. ఇంకోసారి నొక్కమన్నట్టు కాలితో పెడలును తాకింది. నొక్కాడు. స్క్రూ కదలకుండా నట్టు బిగించాడు.

రిసీవరులో మాట్లాడే వైపు ఉత్త డొల్ల, లోపల వైరు కూడా లేదు. అది చెవులాయన ముందే చూశాడు. ఆవిడ దాన్ని నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"వచ్చేశారమ్మా," అంది. "మీ నాన్న నీ దగ్గరికే వచ్చేశారు. ఇంక పిలవకు."