నాయన వీపు మీద బొమ్మ

నా చిన్నప్పుడు మేం బాలానగర్‌లో ఉండేవాళ్లం. నాయన అక్కడ ఒక ఫ్యాక్టరీలో ఫిట్టర్. ఒక ఏడాది కొత్త మెషిన్‌తో పాటు జర్మనీ నుంచి బొమ్మలు గీసే ఒకాయన దిగాడు. ఆ మెషిన్ ఎలా నడపాలో బొమ్మల్లో చూపించడం ఆయన పని. నిజానికి ఆయన తన దేశంలో పెద్ద పెద్దవాళ్ల మీద వ్యంగ్య చిత్రాలు గీసి పేరు తెచ్చుకున్నాడట. ఒక మంత్రిని గుడ్లు పొదిగే కోడిలా గీస్తే పత్రికలో కొలువు పోయిందట. ఈ సంగతులన్నీ కాలేజీలో చదివే మా పక్కింటి అక్క ఆయనతో ఇంగ్లిష్‌లో మాట్లాడి తెలుసుకుంది. కొలువు పోయినా చేయి ఊరుకోదు కదా, ఇక్కడా గీస్తూనే ఉండేవాడు.

దసరాకి ఫ్యాక్టరీలో ఆయుధపూజ చేసేవారు. మెషిన్లకు బొట్లు పెట్టి, దండలు వేసి, కింద నిమ్మకాయలు పెడతారు. పనివాళ్ల ఇంటిల్లిపాదీ వస్తారు. ఆ రోజు పూజ అయ్యాక క్యాంటీన్ గోడ మీద ఆ జర్మన్ ఆయన గీసిన కాగితం ఒకటి కనబడింది. అందులో మెషిన్ ఉండాల్సిన చోట ఫ్యాక్టరీ యజమాని, మా సేటు కూర్చున్నాడు. మెడలో దండ, బొజ్జ మీద కుంకుమ బొట్టు, బూట్ల కింద నిమ్మకాయలు. ఆయన ముందు హారతి పళ్లెం పట్టుకుని, ముక్కు నేలకు ఆనేంతగా వంగిన మనిషి ఒకడు. ఆ మీసం, ఆ చెవులు మా నాయనవే.

జనం విరగబడి నవ్వారు. వాళ్లు సేటును చూసే నవ్వారేమో గాని, నాకు మాత్రం అందరూ నాయననే చూస్తున్నట్టు అనిపించింది. అబద్ధం గీశాడని అరుద్దామంటే నోరు రాలేదు. సేటు ఎదురుపడితే నాయన అలాగే వంగుతాడు, నేను ఎన్నోసార్లు చూశాను. సిగ్గుతో చచ్చిపోయాను. నాయన మిఠాయి పొట్లం పట్టుకుని రమ్మని పిలిస్తే పోకుండా అమ్మ వెనక దాక్కున్నాను. ఆయన నా మొహాన్నీ, గోడ మీది కాగితాన్నీ మార్చి మార్చి చూశాడు.

నా ఏడుపు మొహం ఆ జర్మన్ ఆయన కూడా చూశాడు. గబగబా వచ్చి, కాగితం ఊడదీసి చింపబోయాడు. నాయన ఆయన చేయి పట్టుకుని ఆపి, పూజకు వచ్చిన పక్కింటి అక్కను పిలిచాడు.

"చింపొద్దని చెప్పు బిడ్డా. నేను వంగేది నిజమే. ఎందుకు వంగుతున్ననో అది గూడ గియ్యమను."

అక్క చెప్పింది. ఆయన కాసేపు నావైపే చూశాడు. తరువాత అక్కడే బెంచీ మీద కూర్చుని, నాయన వీపు మీద నన్ను గీశాడు. రెండు జడలతో, బడి సంచితో, నిటారుగా కూర్చుని చదువుకుంటున్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. పెద్దవాణ్ణి వెక్కిరించబోయి పక్కనున్నవాణ్ణి తొక్కేశానని ఆయన అక్కతో అన్నాడట. సేటు కంట పడకుండా నాయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పండగ వెళ్లాక మళ్లీ అదే సేటు ముందు అలాగే వంగాడు.

ఇప్పుడు పుప్పాలగూడలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికొచ్చే ప్రతి కారుకూ నడుము వంచి సలాము కొడతాడు. పిల్లలు దాన్ని ఫోన్‌లో వీడియో తీసి నాకు చూపించి నవ్వుతారు. చెడ్డ పిల్లలేం కాదు. నాకు మాత్రం నవ్వు రాదు. ఎవరైనా వంగి కనబడితే ఆ వీపు మీద ఎవరు కూర్చున్నారా అని వెతుకుతాను. వెతికిన ప్రతిసారీ, నాయన పిలిస్తే పోని ఆ పిల్ల గుర్తొచ్చి, ఈ వయసులో కూడా తల దించుకుంటాను.