డోలు మోగని పొద్దు

నలభై దాటిన తర్వాత నన్ను వర్ధమాన కళాకారుడన్నారు. కొత్తగూడెంలో బడిపిల్లలకు డ్రాయింగ్ చెప్పుకుంటూ, బొగ్గుపొడితో వేసిన నా బొమ్మలను బీరువా మీద పేర్చుకునేవాణ్ని. అవి ఎలాగో ఒక చిన్న సంస్థ కంటపడ్డాయి. వాళ్లకు విదేశంలోని ఒక కళాకేంద్రంతో ఒప్పందం ఉంది. అక్కడి కళాకారులు వచ్చి మన దగ్గర కొన్ని వారాలు ఉండి పని చేసుకుంటారు. తర్వాత మనవాళ్లు అక్కడికి వెళ్లి అంతే కాలం ఉంటారు. ఆ ఏడు మన వైపు నుంచి ఇద్దరం. ఒకణ్ని నేను. రెండోవాడు భద్రాచలం అవతలి అడవి అంచున ఒక కోయ పల్లెలో డోలు వాయించే కుర్రాడు. వచ్చే అతిథికి బస, తిండి, భాష సాయం చూసే బాధ్యత కూడా నాకే ఇచ్చారు. బస ఆ కోయ పల్లెలోనే కాబట్టి ఆ వారాలు నేనూ అక్కడే ఉన్నాను.

వచ్చినామె శబ్దాలను పట్టే మనిషి. బొమ్మలు వేయదు, శిల్పాలు చెక్కదు. రోజూ తెల్లవారకముందే కమ్యూనిటీ హాలు మీదికెక్కి మైకు పెట్టి వచ్చేది. గాలి చప్పుడు పడకుండా ఆ మైకుకు బూడిదరంగు బొచ్చు తొడుగు ఉండేది. ఆమెకు అన్నం పెట్టేది రోడ్డు పక్క చివరి ఇంట్లో ఒంటరిగా ఉండే ముసలమ్మ. ఊళ్లోవాళ్లతో కోయలో, నాతో తెలుగులో మాట్లాడేది. ఆ మైకును చూసిన మొదటి రోజే అడిగింది.

"ఏంది సారూ, ఈ పిల్ల కుందేలును కర్రకు కట్టి తిప్పుతున్నది? దానికి మేతెయ్యదా?"

నేను దాన్ని ఇంగ్లీషులో చెబితే అతిథి నవ్వి, మైకును ముసలమ్మ నోటి దగ్గర పెట్టింది. ముసలమ్మ మైకుతోనే మాట్లాడింది. "ఎండిపోయినవ్ బిడ్డా. మా ఇంటికి రా, జొన్న గటక పోస్త." ఆ రోజు నుంచి పల్లె అంతా దాన్ని కుందేలనే అంది.

ముసలమ్మకు ఒక్కతే కూతురు. వాగు అవతలి పల్లెలో కాపురం. అది మిరపకాయలు ఏరే కాలం. రోజూ పొద్దున్నే ట్రాలీ ఆటో ఒకటి వాగు అవతలి ఆడవాళ్లను ఎక్కించుకుని, ముసలమ్మ ఇంటి ముందు నుంచే గోదారి ఒడ్డు తోటలకు వెళ్లేది. కూతురు అందులో నిలబడి పోయేది. గట్టిగా మాట్లాడే మనిషి. నేను రోడ్డు మీద కనబడితే ఏదో ఒకటి అనకుండా పోయేది కాదు.

చివరి వారంలో ఒకరోజు ప్రదర్శన పెట్టాం. హైదరాబాదు నుంచి సంస్థవాళ్లు, కళాకేంద్రం నుంచి వచ్చిన ఇద్దరు పెద్దలు బస్సులో వచ్చి అతిథి పని చూస్తారు, మా కుర్రాడి డోలు వింటారు, నా బొమ్మలు చూస్తారు. దాన్ని బట్టే మా ప్రయాణం ఖాయమవుతుందని నేను అనుకున్నాను. ఆ మాట నాతో ఎవరూ అనలేదు.

ఆ రోజు తెల్లవారకముందే ముసలమ్మ పోయింది. నిద్రలోనే పోయిందన్నారు. డోలు కుర్రాడు వచ్చి నన్ను లేపాడు. ముసలమ్మ వాడికి మేనత్త. అప్పటికే డోలు భుజానికి వేసుకుని ఉన్నాడు. ఆ పల్లెలో చావు కబురు డోలే చెబుతుంది. డోలు మోగితే వాగు అవతల కూడా ఎక్కడి పని అక్కడ వదిలేసి వస్తారు. మోగేదాకా ఏడుపు కూడా ఎత్తరు.

ఊరి పెద్ద ముసలమ్మ ఇంటి ముందు కూర్చుని ఉన్నాడు. నేను అతని ఎదురుగా గొంతుక్కూర్చుని, బస్సు భోజనాలయ్యాక వెళ్లిపోతుందని, అప్పటిదాకా డోలు ఆపమని అడిగాను.

"డోలు కొట్టకుంటె ఎట్ల సారూ? పక్క ఊరోళ్లకు ఎట్ల తెలుస్తది?" అన్నాడు కుర్రాడు.

"ఒక్క పూటనే గద తమ్మీ. నీ కోసమే చెప్తున్న. ఇది చెడిపోతే నీ ప్రయాణం కూడా పోతది."

వాడు పెద్ద వైపు చూశాడు. పెద్ద ఇంటి లోపలికి తొంగి చూశాడు. "పొద్దు గూకకముందు తీస్కపోవాలె, గది మాత్రం తప్పదు," అన్నాడు చివరికి. కుర్రాడు డోలు దించి గోడకు ఆనించాడు. లోపల ఒక ఆడమనిషిని కూర్చోబెట్టి తలుపు దగ్గరికి వేశారు.

నేను రోడ్డు మీదికి వచ్చాను. బస్సుకు దారి తెలిసేలా మలుపులో బ్యానర్ కట్టాలి. తాడు ముడివేస్తుంటే ట్రాలీ వచ్చింది. కూతురు ఎప్పటిలాగే నిలబడి ఉంది.

"సారూ, ఇయ్యాల బిర్యానీ అంట గద! మీ దొరలే తింటరా, మాకేమన్న ఉంచుతరా?"

మిగతా ఆడవాళ్లు నవ్వారు. నేను చెయ్యెత్తాను.

"ఉంచుతలే, పో."

ట్రాలీ మలుపు తిరిగింది. నేను ముడి పూర్తి చేశాను. ఆ నిమిషంలో నా లోపల ఏమైనా కదిలిందా అని తర్వాత ఎన్నోసార్లు వెతుక్కున్నాను. ఏమీ దొరకలేదు. బ్యానర్ వంకరగా ఉందని మళ్లీ విప్పి కట్టడం మాత్రం గుర్తుంది.

బస్సు వచ్చింది, చూశారు, తిన్నారు. వంట ముసలమ్మ చేయలేదేమని అతిథి అడిగితే ఒంట్లో బాగాలేదన్నాను. కుర్రాడు డోలు వాయించాడు. పెళ్లి దరువే వాయించాడు. బస్సు వాగు దాటాక అదే డోలు మీద చావు దరువు మొదలుపెట్టాడు. అప్పుడు ఆడవాళ్ల ఏడుపు లేచింది. కూతురి కోసం మనిషిని బండి మీద పంపారు. కూలీల మేస్త్రి ఆ రోజు వాళ్లను ఏ తోటకు తీసుకెళ్లాడో ఎవరికీ తెలియదు. కూతురి ఫోనూ, మేస్త్రి ఫోనూ కలవలేదు. పొద్దు వాలుతుంటే పెద్ద లేచి నిలబడ్డాడు. ముసలమ్మను ఎత్తుకుపోయారు.

కూతురు వచ్చేసరికి చీకటి పడింది. మిరప ఘాటుకు ఎర్రగా మండుతున్న చేతులతోనే ట్రాలీ దిగింది. "ఎప్పుడు?" అని ఒక్క మాటే అడిగింది. "మధ్యాహ్నం," అన్నాడు డోలు కుర్రాడు, నా వైపు చూడకుండా. పెద్ద నేల చూశాడు. ఎవరూ కాదనలేదు. నేను తలూపాను. ఆమె అక్కడే కూలబడి, ముఖమన్నా చూడనిస్తిరి కాదని పేరుపేరునా అందరినీ తిట్టింది. నన్ను తిట్టలేదు. నేను బయటివాణ్ని కదా.

ప్రయాణం ఖాయమైంది. కుర్రాడు రానన్నాడు. ఎందుకని నేను అడగలేదు. ఒక్కణ్నే వెళ్లాను.

అక్కడ నాకిచ్చిన గది శుభ్రంగా, తెల్లగా ఉండేది. కిటికీలోంచి తడి రోడ్డు కనిపించేది. నేను తీసుకెళ్లిన బొగ్గుపొడి సంచి ముడి విప్పలేదు. రోజూ లేచి, కాఫీ తాగి, కాగితం ముందు కూర్చుని, భోజనానికి లేచేవాణ్ని. బాధపడ్డానని చెప్పలేను. బాధంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు, అది కాదు. నా చేతులు ఎవరివో బల్ల మీద పెట్టి పోయినట్టు ఉండేవి.

మా పల్లెకు వచ్చినామె ఊరు అదే. ఒక హాలులో తన పని పెట్టి నన్ను పిలిచింది. చీకటి గదిలో బెంచీలు, చుట్టూ స్పీకర్లు. జనం కళ్లు మూసుకుని వింటున్నారు. కోళ్లు కూశాయి. ఎవరో బిందె దించారు. కొమ్మల్లో పిట్టలు. దూరంగా ట్రాలీ. దాని హారన్. ఒక ఆడగొంతు, నవ్వులు. తర్వాత నా గొంతు. "ఉంచుతలే, పో." మళ్లీ పిట్టలు. ఎంత ప్రశాంతంగా ఉందో అని నా పక్కన కూర్చున్న పెద్దాయన అన్నాడు.

బయటికి వచ్చాక ఆమెకు మొత్తం చెప్పాను. ఆమె గోడకు ఆనుకుని నిలబడింది.

"బస్సును వెనక్కి పంపేవాళ్లం. నువ్వు అడగనే లేదు," అంది.

మర్నాడు ఆ భాగం తీసేసింది. ఆ ఉదయం రికార్డింగును, కుందేలు రోజు రికార్డింగును నా ఫోనుకు పంపింది. ఇక ఏమీ రాయలేదు.

వానలు పడ్డాక వాగు అవతలి పల్లెకు వెళ్లాను. కూతురు వసారాలో కూర్చుని రాయితో ఇప్పకాయలు కొడుతోంది. పక్కన గింజల కుప్ప. పీట వేసి, "విమానమెక్కి వచ్చినవ్, బట్టతల మాత్రం గట్లనే ఉన్నది సారూ," అంది.

మీ అమ్మ గొంతు తెచ్చానన్నాను. కుందేలు రికార్డింగు పెట్టాను. ఆమె కొట్టడం ఆపి విన్నది. "గటక పోస్త" దగ్గర నవ్వింది, కొంగుతో ముక్కు తుడుచుకుంది. అది అయిపోగానే ఫోను దానంతటదే రెండోది మొదలుపెట్టింది. ఆపొచ్చు. ఆపలేదు. దాన్ని ధైర్యం అనను. నా నోటితో చెప్పాల్సింది ఫోను చెబుతుందిలే అనుకున్నాను. అక్కడ కూడా తప్పించుకోవడమే.

ట్రాలీ హారన్ వినగానే ఆమె తలెత్తింది.

"గిది నేనే గద! బిర్యానీ దినంది."

"అవ్."

రాయి చేతిలోకి తీసుకుంది. మళ్లీ కింద పెట్టింది.

"గప్పటికి మా అమ్మ లేసిందా?"

"లేదు," అన్నాను. అక్కడ ఆగిపోవచ్చు. అబద్ధం కాదు. ఆమె నా ముఖం చూస్తూ ఉంది.

"తెల్లారకముందే పోయింది చెల్లె. నువ్వు ట్రాలీల పోతుంటె లోపలనే ఉన్నది. డోలు ఆపమన్నది నేను. మీవాళ్లు వద్దన్నరు. నేనే బతిలాడిన."

వాన చూరు మీద నుంచి కారుతోంది. ఆమె ఏడవలేదు. తిట్టలేదు. తిడుతుందని సిద్ధపడి వెళ్లాను.

"ముఖం ఎట్లున్నది?"

"నేను లోపలికి పోలేదు."

"గంత పొద్దు గాడనే ఉండి?"

"అవ్. బయటనే ఉన్న."

ఆమె ఒక గింజ ఒలిచి కుప్పలో వేసింది. ఇంకొకటి తీసుకుంది, ఒలవలేదు. తర్వాత రొండిలోంచి తన ఫోను తీసి నా ముందు పెట్టింది.

"గవి ఎక్కియ్యి."

"కుందేలుదా?"

"రెండూ."

రెండోది ఎందుకని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"దాంట్ల మా అమ్మ ఉన్నది గద, లోపల," అంది.

రెండూ ఎక్కించి ఫోను ఇచ్చాను. ఆమె రాయి అందుకుని కాయలు కొట్టడం మొదలుపెట్టింది.