చిన్న చేప చూసి పంపిన బొమ్మ

మన చిత్రకారుణ్ణి కార్యాలయంలో అందరూ పిలిచే పేరు ‘తొట్టిగారు’. వయస్సు యాభై నాలుగు సంవత్సరాలు. అక్కడే ఉత్తరాలు రాసే ఈ లేఖరికి ఆయనతో పరిచయం పంతొమ్మిదేళ్లు.

మన పత్రిక చివరి పుటలో నిత్యం వెలువడే ‘నీటికాపురం’ అనే మూడు గడుల హాస్యచిత్రం ఆయన గీసేదే. అందులో మీసాల తండ్రి చేప, నోరు మూయని తల్లి చేప, మూతి ముడిచే చిన్న చేప ఉంటాయి. ఇంట్లో ఆయన బల్ల పక్కన గాజుతొట్టిలో మూడు చేపలు ఈదుతుంటాయి. వాటి కదలిక చూడనిదే ఆయనకు గీత పడదు. ఇంటివారి మాట చెవిన పడనిదే బొమ్మలో చేప నోరు తెరవదు.

ముప్పు అక్కడే వచ్చింది. కళ్లజోళ్ల దుకాణంలో కొత్తగా పనికి కుదిరిన కూతురు ఒకనాడు భోజనం దగ్గర, “మా యజమాని దగ్గితే చాలు, నాకు గుండె జారిపోతుంది నాన్నా” అన్నది. మరునాడు చిన్న చేప అదే మాట అచ్చులో అన్నది. యజమాని పత్రిక మడిచి, ఆమె ఎదుట నిలబడి, పనిగట్టుకుని రెండుసార్లు దగ్గాడు.

అది మొదలు ఆమె తండ్రితో మాట్లాడలేదు.

“అమ్మా, ఆ ఉప్పు ఇటు జరపమని నాన్నతో చెప్పు.”

“నేనేమన్నా తపాలా బంట్రోతునా? ఊరందరినీ నవ్విస్తారట, కన్నకూతురితో ఒక్క మాట మాట్లాడించలేరు!” అన్నది తల్లి, ఇద్దరికీ తగిలేట్టు.

పదకొండు రోజులు ఆయన కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. పెన్సిళ్లు చెక్కి చెక్కి బొటనవేలంత చేశాడు. తొట్టిని కిటికీ దగ్గరికి జరిపాడు, మళ్లీ బల్ల దగ్గరికి తెచ్చాడు. మాటలు లేక చిన్న చేపను రాతి వెనుక దాచి గీశాడు. పాఠకులు ఊరుకోలేదు. ‘చిన్న చేప ఏమైంది?’ అన్న ఉత్తరాలకు జవాబులు ఈ లేఖరే నకలు తీశాడు. సోమవారానికి చేప బయటికి రాకపోతే చిత్రం ఆపివేస్తామని ఉపసంపాదకులు కబురు పంపారు.

ఆదివారం ఉదయం ఏమీ తోచక ఆయన చేపలకు చిటికెడు మేత వేశాడు. గది చుట్టివచ్చి మరో చిటికెడు వేశాడు. మధ్యాహ్నానికి మేత డబ్బా అడుగంటింది. నీరు కుడితిలా మారింది. చేపలు పైకి తేలి నోళ్లు తెరిచాయి.

కూతురు చూసింది. “తిండి పెట్టి చంపేస్తావా నాన్నా? చూస్తావేం, బకెట్టు పట్టు!”

ఇద్దరూ కలిసి సగం నీరు మార్చారు. అంతలో ఆయన కుడిచేయి తనకు తెలియకుండానే జేబులోని పెన్సిలు మీదికి పోయింది.

“పోయింది చెయ్యి! రేపు అచ్చులో ఇదేగా?”

ఆయన పెన్సిలు తీసి ఆమె చేతిలో పెట్టాడు. “నువ్వు కొట్టేసిన మాట ఆ ఆఫీసు గడప తొక్కదమ్మా. నువ్వు చూశాకే పంపుతాను.”

“మాట తప్పితే?”

“నన్నే తొట్టిలో వేసెయ్యి.”

“ఆయన పట్టే తొట్టి ఎక్కడ దొరుకుతుందే!” అన్నది తల్లి.

ఆనాటి బొమ్మలో కూతురు ఒక మాట కొట్టేసి, మేత సంగతి ఉండనిచ్చింది. చిన్న చేప రాతి వెనుక నుంచి వచ్చింది.

అయితే బొమ్మ అందవలసిన గడువు మధ్యాహ్నం మూడు గంటలు. ఆమె ఇల్లు చేరేది అయిదున్నరకు. అందువల్ల ఆయన రోజూ ఎండలో దుకాణానికి పరుగెత్తి, గాజుతలుపు బయట పచార్లు చేస్తున్నాడు. లోపల యజమాని దగ్గుతున్నాడు. నిన్న ఆ పరుగులోనే పావుగంట ఆలస్యమైంది.

కావున, సదరు గడువును సాయంత్రం ఆరున్నరకు మార్చి, చిన్న చేప తీరికగా చూసేందుకు వీలు కల్పించవలసిందని ఆయన తరఫున ఈ లేఖరి సంపాదకులవారిని సవినయంగా అర్థిస్తున్నాడు.